పైన పటారం, లోన లొటారం

"మీకర్థం కాదు మేడమ్‌గారండీ. సార్‌ని తీసుకురండి, లేకపోతే బాబుని పంపించండి. మేం మేం మాట్లాడుకుంటాం."

ఈ మాట నాతో అన్నది రాజమండ్రిలో ఒక కంప్యూటర్ల దుకాణం యజమాని. షాపు పేరు చెప్పను, వీధి పేరు అసలే చెప్పను. పాపం, ఆయనకి నా మీద కక్షేమీ లేదు. మంచినీళ్లిప్పించాడు, ఫ్యాను నా వైపు తిప్పించాడు, "ఆయ్, కూర్చోండి" అన్నాడు. మర్యాదకి మన గోదావరి జిల్లాల్లో లోటేముంది చెప్పండి! ఆ మర్యాద చేస్తూనే లక్షా పదివేలకి కొటేషన్ రాసి నా చేతిలో పెట్టాడు. నేను వెళ్లింది పాతికవేలలో అయ్యే పని మీద.

కోపం వస్తే కొందరు గిన్నెలు విసిరేస్తారు. కొందరు పుట్టింటికి పోతారు. నాకు గిన్నెల మీద ప్రేమ, పుట్టింట్లో ఇప్పుడు ఎవరూ లేరు. అంచేత ఈ వ్యాసం.

సంగతేమిటంటే, మా ఇంట్లో ఒక కంప్యూటరుంది. 2019లో మా తమ్ముడు దగ్గరుండి బిగించి ఇచ్చింది. పగలు దాని మీద నేను నవలలు కొట్టుకుంటాను. సాయంత్రం మావారు లెక్కలు చూసుకుంటారు. రాత్రి మావాడు ఆటలాడతాడు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం వాడు. ఈమధ్య కొత్త ఆటలు పెడితే అది మెట్లెక్కే ముసలమ్మలా ఆగి ఆగి నడుస్తోంది. "అమ్మా, కొన్ని పార్టులు మారిస్తే చాలే" అంటాడు వాడు. నా పాత నవల ఒకటి మళ్లీ అచ్చయి పాతికవేలు వచ్చాయి. సరే, ఈ డబ్బు నీకే, అయితే ఏది ఎందుకు మారుస్తున్నావో నాకు అర్థమయ్యేలా చెప్పాలి అని షరతు పెట్టాను. నేను చదివింది బి.ఏ., హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్. అయితేనేం? వంకాయ కొనేటప్పుడు పుచ్చు చూసుకోవడానికి అగ్రికల్చర్ బీయస్సీ కావాలా?

నెల్లాళ్లు వాడు చెప్పాడు, నేను విన్నాను. అడిగిందే అడిగాను. కాగితం మీద రాసుకున్నాను. ఆ కాగితం పట్టుకుని వెళ్తేనే షాపాయన నన్ను ఇంటికి పంపించేశాడు. 1874లో వీరేశలింగం పంతులుగారు ఇక్కడే, ధవళేశ్వరంలో, ఆడపిల్లలకి బడి పెట్టారు. నూట యాభై ఏళ్లు దాటాయి. ఆ ఊరికి నాలుగు మైళ్ల దూరంలో ఇప్పటికీ ఆడదాని చేతిలో డబ్బుంటే చాలు, బుర్ర సార్ దగ్గర ఉంటుందనే లెక్క!

ఇంట్లో పోరు సంగతి ముందు చెప్పేస్తాను. పక్కింటి వదినగారికి ఈ కబురు తెలిసి, "గేమింగా! కొంపలు కూలుతున్నాయి వదినగారూ, పేపర్లో చదవడం లేదా?" అన్నారు. ఆవిడ చదివింది నిజమే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలవల్ల కొంపలు కూలాయి. మన రాష్ట్రంలో 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకరులాంటి వాటిని నిషేధించారు. 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ని ఆటగా గుర్తించి వేరుగా పెట్టింది. 2023లో చైనాలో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో వీటికి పతకాలు కూడా ఇచ్చారు. మావాడు పతకం తెస్తాడని నేననను. పందెం వేరు, ఆట వేరు అంటున్నాను, అంతే. ఆ తేడా మనవాళ్లకి తెలియదా? సంక్రాంతికి కోళ్లకి కత్తులు కట్టి లక్షలు కాస్తారు. 1960 నాటి జంతుహింస చట్టమూ ఒప్పుకోదు, 1974 నాటి జూదాల చట్టమూ ఒప్పుకోదు. అయినా అది సంప్రదాయం! కుర్రాడు ఇంట్లో కూచుని బొమ్మ కారు తోలితే మాత్రం వంశం నాశనం! పండక్కి బరి దగ్గర నిలబడివచ్చిన పెద్దమనుషులెవరూ మావాడికి నీతులు చెప్పొద్దని నా మనవి.

అదలా ఉంచండి. అసలు పోట్లాట షాపుతో.

ఆ దుకాణంలోకి అడుగుపెడితే కళ్లు చెదిరిపోతాయి. వరసగా అద్దాల డబ్బాలు. ఒక్కోదాంట్లో నాలుగైదు ఫ్యాన్లు ఎరుపు, నీలం, ఆకుపచ్చ మార్చి మార్చి వెలుగుతున్నాయి. 2015 పుష్కరాల్లో ఘాట్లకి పెట్టిన దీపాలంకరణ గుర్తొచ్చింది నాకు. "ఇదండీ గేమింగ్ అంటే" అన్నాడాయన. ఆ దీపాలవల్ల ఆట ఒక్క పిసరు వేగంగా నడుస్తుందా అని అడిగాను. నవ్వేశాడు. అంబలి తాగేవాడికి మీసాలెత్తేవాడొకడని, పాతికవేల బేరానికి దీపాలకే ఆరేడు వేలు పోస్తే లోపల ఏం పెడతారు? నవలల కవరు మీద అందమైన ఆడపిల్ల బొమ్మ వేస్తారు చూడండి, లోపలి కథలో ఆ పిల్ల కనబడదు. ఇదీ అంతే.

రెండోది పేర్ల మాయ. "ఐ సెవెనండీ, ఇక తిరుగులేదు" అని ఒక పాత డబ్బా చూపించాడు. అది 2013లో వచ్చిన రకం. 2022లో వచ్చిన ఐ త్రీ దాన్ని సునాయాసంగా ఓడిస్తుంది. రెండింట్లోనూ నాలుగు కోర్లే, అయినా తొమ్మిదేళ్ల తేడా అలాంటిది. "జమీందారుగారి మనవడు" అన్నంతమాత్రాన ఆస్తి మిగిలి ఉంటుందా? ఏ తరం వాడో, ఇప్పుడు చేతిలో ఏముందో అడగొద్దూ? ఐ త్రీ, ఐ సెవెన్ అనేది ఇంటిపేరు. దాని తర్వాత వచ్చే నాలుగైదు అంకెలే అసలు జాతకం. షాపు బోర్డు మీద ఇంటిపేరే ఉంటుంది, అంకెలుండవు.

గ్రాఫిక్స్ కార్డుల దగ్గర ఇది మరీ అన్యాయం. ఎన్‌విడియా వాళ్లు 2017లో జీటీ 1030 అని ఒక కార్డు తెచ్చారు. 2018లో అదే పేరుతో ఇంకోటి దింపారు. రెండోదాంట్లో పెట్టిన మెమరీ నాసిరకం. అది సమాచారం మోసే వేగం మొదటిదానిలో మూడోవంతు పైచిలుకు. పేరు మాత్రం అదే! 2022లో ఇంకా పెద్ద సాహసం చేశారు. ఆర్‌టీఎక్స్ 4080 అనే పేరు రెండు కార్డులకి పెడతామన్నారు, ఒకటి పదహారు జీబీ, ఒకటి పన్నెండు జీబీ. తేడా మెమరీలోనే ఉందనుకుంటారు కదా మీరు? లోపలి చిప్పే వేరు. జనం గగ్గోలు పెట్టారు. అక్టోబరులో కంపెనీ దిగివచ్చి చిన్నదాన్ని వెనక్కి తీసుకుంది. ఆ సరుకే మర్నాటి ఏడాది జనవరిలో 4070 టీఐ అనే పేరుతో వచ్చింది. చూశారా, అడిగితే పేరు మారింది. అడక్కపోతే మనం ఆ పేరుకే డబ్బు కట్టేవాళ్లం. అడగడం ఆడవాళ్ల చాదస్తం అనేవాళ్లకి ఇదే నా జవాబు.

ఇక మూడోది, నాకు బాగా తెలిసిన విషయం. కాలువల విషయం.

డెల్టాలో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. కాటన్‌దొర 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. నీళ్లొచ్చాయి. కాని మా తాతగారి శివారు చేనికి ఎన్నోసార్లు నీరందేది కాదు. కారణం ధవళేశ్వరంలో నీళ్లు లేక కాదు. మధ్యలో బోదె పూడిపోయి. తలుపులు ఎన్ని ఎత్తినా బోదె సన్నదైతే శివారు ఎండవలసిందే. కంప్యూటరూ ముమ్మూర్తులా అంతే. ఎక్కడ బోదె పూడిందో చూడకుండా హెడ్ స్లూయిస్ మారుద్దామంటే ఎలా?

మా పెట్టెలో ఏది పూడిందో మావాడూ నేనూ కూచుని చూశాం. ప్రాసెసర్ రైజెన్ ఫైవ్ 2600. ఆరు కోర్లు. మరీ కొత్తది కాదు గాని మూలన పడేసేదీ కాదు. గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1050 టీఐ, 2016 నాటి రకం, నాలుగు జీబీ. ఇప్పటి ఆటలకి దాని ఊపిరి చాలదు. ర్యామ్ ఎనిమిది జీబీ, అదీ ఒకే ముక్క. ఆ బోర్డు మీద రెండు దారులున్నాయి. ఒక ముక్కే పెడితే ఒక దారి మూసుకుని కూచున్నట్టే. పక్కన ఇంకో ఎనిమిది పెడితే రెండు కాలువలూ పారతాయి. డిస్కు పాతకాలపు తిరిగే డిస్కు. సెకనుకి నూటయాభై మెగాబైట్లు ఇవ్వడానికి ఆపసోపాలు పడుతుంది. మామూలు ఎస్.ఎస్.డి. అయినా అయిదొందలిస్తుంది. మానిటరు సెకనుకి అరవై బొమ్మలు చూపిస్తుంది. అంటే సెకనుకి రెండొందల బొమ్మలు గీసే కార్డు కొన్నా మిగతా నూట నలభై ఎవరు చూస్తారు? మా ఇంటి గోడా?

షాపాయన ఏమన్నాడు? "కార్డు కావాలంటే చవకలో కొత్తది ఉందండీ" అని నాలుగు జీబీ కార్డొకటి తీశాడు. అది ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ. బోర్డుతో మాట్లాడుకోవడానికి దానికి నాలుగు దారులే ఉన్నాయి. కొత్త తరం బోర్డు మీద అయితే ఎలాగో నెట్టుకొస్తుంది. మాలాంటి పాత తరం బోర్డు మీద ఆ నాలుగు దారుల వేగం సగమైపోయి చతికిలబడుతుంది. నేను అదే అడిగాను, "ఇది మా బోర్డుకి సరిపోతుందా?" అని. "దూరుతుందండీ" అన్నాడు. దూరడం వేరు, సరిపోవడం వేరు. పెళ్లిసంబంధాలు చూసినవాళ్లకి నేను వివరించక్కర్లేదు.

తర్వాత అసలు అస్త్రం తీశాడు. "విండోస్ టెన్ మూసేశారండీ. మీ పెట్టె మొత్తం పారెయ్యాల్సిందే." సగం నిజం అబద్ధంకన్నా ప్రమాదం. 2025 అక్టోబరు 14తో విండోస్ టెన్‌కి మామూలు మద్దతు ఆగిపోయిన మాట నిజం. విండోస్ ఎలెవెన్‌కి కొన్ని అర్హతలు కావాలన్నదీ నిజం. కాని మా 2600 ఆ అర్హుల జాబితాలో ఉంది! కావలసిన భద్రతా ఏర్పాటు బోర్డులోనే ఉంది, బయాస్‌లోకి వెళ్లి దాన్ని ఆన్ చెయ్యాలి. మావాడు ఇంటిదగ్గర పావుగంటలో చేశాడు. కొత్త విండోస్ ఉచితంగా వచ్చి కూచుంది. పావుగంట పనికి లక్షా పదివేల కొటేషన్! ఎంతమంది తల్లులు ఈ తాటాకు చప్పుళ్లకి బెదిరి బంగారం బ్యాంకులో పెట్టారో!

పైగా ఆయన చెప్పిన కొత్త బోర్డుకి కొత్తరకం ర్యామ్ కావాలి. 2025 చివరినుంచి ర్యామ్ ధరలు చుక్కలనంటాయి. కృత్రిమ మేధ కోసం దేశదేశాల్లో పెద్ద పెద్ద డేటా కేంద్రాలు కడుతున్నారు, మెమరీ చిప్పులు తయారయ్యేవి అటే తరలిపోతున్నాయి. ఆ డిసెంబరులో మైక్రాన్ కంపెనీ ఇళ్లల్లోవాళ్లకి అమ్మే క్రూషియల్ వ్యాపారమే చాలిస్తున్నామని ప్రకటించింది. అలాంటి రోజుల్లో ఉన్న ర్యామ్ పారేసి కొత్తది కొనమనడం, కరువులో విత్తనాలు వండుకు తినమనడం లాంటిది.

ఇప్పుడు నా గుండెల్లో ఉన్న సంగతి చెబుతాను.

2019లో ఆ పెట్టె బిగించినప్పుడు, కరెంటు సరఫరా చేసే ఎస్.ఎం.పి.ఎస్. మేం కొనలేదు. క్యాబినెట్‌తో ఫ్రీగా వచ్చింది. ఫ్రీ అంటే మనకి ఎంత ముద్దు! దాని మీద "450 వాట్లు" అని రాసుంది. తూచి చూస్తే అరకిలో ఉందో లేదో. 2023 మే నెలలో ఒక మధ్యాహ్నం, రాజమండ్రి ఎండ సంగతి మీకు తెలిసిందే, కరెంటు పోయి వచ్చింది. మళ్లీ పోయి వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు పెట్టె వెనకనుంచి ఫట్‌మని చప్పుడు, కాలిన బేకలైట్ వాసన. బోర్డు బతికింది. కార్డు బతికింది. డిస్కు పోయింది. ఆ డిస్కులో నా నవల పద్నాలుగు అధ్యాయాలున్నాయి. పది అధ్యాయాలు కాగితం మీద రాసి తర్వాత ఎక్కించినవి, అవి దొరికాయి. మిగతా నాలుగూ నేరుగా కొట్టినవి. మా అమ్మ పోయిన నెలలో రాసినవి. అవి మళ్లీ రాయడానికి మూడుసార్లు కూచున్నాను. కథ వచ్చింది. ఆ నాలుగు అధ్యాయాలు రాలేదు.

అప్పుడైనా బుద్ధొచ్చిందా? మావారు మర్నాడే ఎనిమిదొందలు పెట్టి అలాంటిదే ఇంకోటి తెచ్చి బిగించారు! "పని చేస్తోందిగా" అన్నారు. అదీ మొన్నటిదాకా పనిచేసింది, మెడమీద కత్తిలా.

అందుకని నేను షాపులో మొట్టమొదట అడిగింది మంచి ఎస్.ఎం.పి.ఎస్. గురించి. డబ్బా మీద "80 ప్లస్" గుర్తుందా అని. అంటే గోడనుంచి తీసుకున్న కరెంటులో నూటికి ఎనభై పాళ్లకి తగ్గకుండా పెట్టెకి అందించాలి, మిగిలిందే వేడిగా పోవాలి. బ్రాంజ్, గోల్డ్ అని ఇంకా మెరుగైనవీ ఉన్నాయి. ఆ గుర్తొక్కటే సర్వరక్షాకవచం కాదు. వోల్టేజి అటూ ఇటూ అయితే తట్టుకునే ఏర్పాటు ఉండాలి, కొన్నేళ్ల వారంటీ ఉండాలి. షాపాయన ఏమన్నాడో తెలుసా? "అది కనపడేది కాదు కదండీ, లోపల ఉండేదే. మామూలుది పెట్టేద్దాం. ఆ డబ్బుతో ఇంకో రెండు లైట్ల ఫ్యాన్లు వస్తాయి."

కనపడేది కాదు కదా! ఈ దేశంలో కనపడని పనికి విలువెక్కడుంది? ఇంటికి ఎలివేషన్ చూస్తారు, పునాది చూడరు. పెళ్లికి పందిరి చూస్తారు, వంటశాలలో పొగ తాగుతున్నవాళ్లని చూడరు. ఇల్లంతా నడిచేది ఎవరి మీదో ఆ మనిషి ఎవరికీ కనపడదు, ఫట్‌మన్న రోజున తప్ప.

"షాపువాడు బతకొద్దా?" అన్నారు మావారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, బతకాలి. అద్దెలున్నాయి, జీతాలున్నాయి, ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లతో పోటీ ఉంది. లాభం వేసుకోమనండి, బిగించినందుకు కూలి తీసుకోమనండి. నేను బేరం కూడా ఆడను. "బిల్లు లేకపోతే పద్దెనిమిది శాతం తగ్గుతుందండీ" అని ఆశ పెట్టినా నేను బిల్లే కావాలన్నాను. అది లేకపోతే రేపు వారంటీ ఏ మొహం పెట్టుకుని అడుగుతాం? నాకు కష్టం వేసింది లాభానికి కాదు. పాతికవేలు పట్టుకుని వచ్చినవాళ్లకి నిజం చెప్పడం దండగ అనుకున్నందుకు. లక్ష ఉన్నవాడు పొరపాటు చేస్తే మళ్లీ కొనుక్కుంటాడు. పాతికవేలున్నవాడికి పొరపాటు చేసే స్తోమత లేదు. మంచి సలహా ఎవరికి ఎక్కువ అవసరమో చెప్పండి!

చివరికి ఏం చేశామంటే, వారం తర్వాత ఇంకో చిన్న దుకాణానికి వెళ్లాం. ఒక్క గది. దీపాల్లేవు. అక్కడి కుర్రాడు నా కాగితం తీసుకుని పైనుంచి కిందదాకా చదివి, "ఇది వద్దండి ఇప్పుడు, ప్రాసెసర్ బానే ఉంది కదా" అని ఒక పద్దు కొట్టేశాడు. వద్దు అనగలిగిన షాపువాణ్ణి చూసి ఎన్నాళ్లయిందో! ఆర్ఎక్స్ 6600, ఎనిమిది జీబీ, ఒకరు వాడింది, బిల్లుతో, వారంటీ ఇంకా మిగిలి ఉన్నది చూపించాడు. వాడిన కార్డంటే భయం నాకు. 2022 సెప్టెంబరులో ఈథీరియం పద్ధతి మారి కార్డులతో తవ్వకాలు ఆగిపోయాక, రాత్రింబవళ్లు అరిగిపోయిన కార్డులు కడిగి తుడిచి కొత్తవాటిలా అమ్మారని మావాడు చెప్పి ఉన్నాడు. ఆ మాటే అడిగితే కుర్రాడు నొచ్చుకోలేదు. అరగంట ఆట నడిపి చూపించాడు, వేడి ఎంతకెక్కిందో చూపించాడు, సీళ్లు చూపించాడు. మంచి ఎస్.ఎం.పి.ఎస్. ఒకటి, ఎస్.ఎస్.డి. ఒకటి, ర్యామ్ ముక్క ఒకటి. డబ్బులో సగం పైన కార్డుకే పోయింది, మిగతా సగం ఈ మూడింటికీ. మొత్తం పాతికవేలకి మూడొందలు తక్కువ. క్యాబినెట్ పాతదే. బోర్డు పాతదే. ఇంకో రెండేళ్లకి ప్రాసెసర్ చాలకపోతే, 2022లో వచ్చిన 5600 రకం అదే సాకెట్‌లో కూచుంటుంది, బయాస్ మారిస్తే చాలు.

ఇప్పుడు మావాడి ఆట కాలువలో పడవలా సాగుతోంది. నేను కొట్టిన ప్రతి అధ్యాయం రెండు చోట్ల దాస్తున్నాను. పక్కింటి వదినగారు నిన్న వచ్చి, "మా అల్లుడు కూడా ఏదో కొనాలంటున్నాడు, ఆ కాగితం ఓసారి ఇస్తారా?" అని అడిగారు. ఇచ్చాను.

అన్నట్టు చెప్పడం మరిచాను. రెండో దుకాణానికి, మొదటి షాపాయన సలహా ప్రకారం, సార్‌ని కూడా తీసుకెళ్లాను.

సంచీ మొయ్యడానికి.